కీళ్లవాతము – స్టెరాయిడు మాత్రల తారతమ్యము

మన యిండ్లలో పోపులపెట్టె కెంత చోటు గలదో మందుల పెట్టెకును నంత చోటు ఏర్పడిన కాలమిది. పోపులపెట్టెలో నేవి యావాలో యేవి మెంతులో చీకటిలోనైనను చెప్పగల గృహిణి, మందుల పెట్టెలోని మాత్ర లేది దేనికో, ఏది యెంత బలము గలదో చెప్పుమన్నచో తడబడును. ఇది యామె తప్పు గాదు. ఆవాలును మెంతులును మనకు తల్లులు నేర్పిరి. ఈ మాత్రల సంగతి నేర్పుటకు వారి తల్లుల కాలమున నివి పుట్టనే లేదు. సోదరీమణులారా! మా యింట జరిగిన యొక కథ చెప్పి, దాని మూలమున నేను నేర్చుకొనిన నాలుగు సంగతులు మీ ముందుంచెదను.

మా అన్నగారి యిల్లు హైదరాబాదు నగరమున అమీరుపేటలో, బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోవు త్రోవలో నున్నది. మెట్రో బండిలో అమీరుపేట తరువాతి స్టేషను పంజాగుట్ట. అమీరుపేటలో దిగువారిలో సగము మంది కంప్యూటరు చదువులకై ఊళ్లనుండి వచ్చిన పిల్లలు. వీపున సంచి, చెవిలో పాట, కాలు నేల నిలువదు. ఒక్క స్టేషను దాటినచో లోకము మాఱిపోవును. పంజాగుట్టలో దిగువారి చేతులలో ఎక్స్‌రే కవరులు, ఫైళ్లు. మెట్ల వద్ద గోడ పట్టుకొని యొక్కొక్క యడుగు దింపుకొను తల్లులు. ఏలయన జనులు నిమ్స్ అని పిలుచు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ యక్కడనే యున్నది. అది మొదట నిజాంగారి ధర్మనిధివారు స్థాపించిన యెముకల ఆసుపత్రి. 1989లో ప్రత్యేక చట్టముచే ఇప్పటి రూపమును పొందినది. కీళ్లవాతమునకు వేఱుగా నొక శాఖయే యచ్చట గలదు. ఆ బాట కిరుప్రక్కల మందుల దుకాణములకు కొదువ లేదు. ఈ కథలో సగము జరిగినది అట్టి యొక దుకాణము మెట్లమీదనే. అది యేదియో చెప్పుట నా యుద్దేశము గాదు.

మా వదినెగారికి నలువదియైదవ యేట ఈ వ్యాధి ప్రారంభమైనది. మొదట నెవ్వరును వ్యాధి యనుకొనలేదు. తెల్లవారి లేచునప్పటికి చేతివ్రేళ్లు కొయ్యబారి యుండెడివి. కాఫీ ఫిల్టరు బిగిసినచో విప్పుట కామెకు చేత గాకుండెను. చపాతి పిండి పిసుకుట మానెను. జడ వేసికొనుటకు కూతును పిలుచుచుండెను. పది గంటలు దాటిన పిమ్మట వ్రేళ్లు కొంత వదులయ్యెడివి గనుక, ఇది పని దప్పించుకొను నొప్పి యని యింటిలో హాస్యమాడిరి. నేనును ఆడితిని. ఇప్పుడు తలచుకొన్న సిగ్గగుచున్నది.

వైద్యులు దీనిని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అందురు. వయసు మీఱినవారికి మోకాలు అరిగి వచ్చు నొప్పి వేఱు, ఇది వేఱు. అరుగుదల నొప్పి నడచిన కొలది హెచ్చి, కూర్చున్నచో తగ్గును. ఇదియో, విశ్రాంతి తరువాతనే హెచ్చును. తెల్లవారుజామున గంటకు పైగా కీళ్లు బిగిసి యుండును. రెండు చేతుల వ్రేళ్ల కీళ్లు, మణికట్లు, పాదముల కీళ్లు వాచును. బయటి శత్రువులపై పోరాడవలసిన దేహపు రక్షణశక్తి దారి తప్పి సొంత కీళ్లమీదికే దండెత్తుట దీనికి మూలము. పురుషు డొకనికి వచ్చుచోట స్త్రీలు ఇద్దరు ముగ్గురికి వచ్చును. నిర్లక్ష్యము చేసినచో కీలులోని మెత్తని భాగమును, పిమ్మట నెముకను తినివేసి, వ్రేళ్లను వంకర చేయును. కావున దీనిని మొదటి నెలలలోనే పట్టుకొనవలెనని వైద్యులు తొందరపెట్టుదురు.

మా వదినెగారికి వైద్యులు రెండు మందులు వ్రాసిరి. ఒకటి మెతోట్రెక్సేట్, వారమున కొక్కసారి, ఒకే నిర్ణీతదినమున మ్రింగవలసినది. ఇది ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. సంతానము కోరువారు దీనిని వాడరాదు. రెండవది ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడు, పది మిల్లీగ్రాములు, ప్రతిదినము ఉదయము ఫలాహారమైన పిమ్మట. మొదటి మందు ఫలము చూపుటకు ఆఱు మొదలు పండ్రెండు వారములు పట్టును. రెండవది ఒకటి రెండు దినములలోనే వాపు దించును. మొదటిది వేరు బట్టి లాగు మందు. రెండవది అంతవఱకు నొప్పి నాపియుంచు మందు మాత్రమే.

వైద్యు లీ మాట చెప్పియే యుందురు. కాని రోగికి మేలు కనబడిన దేనివలన? ఆ చిన్న మాత్రవలన. వారపు మందు మ్రింగిననాడు కడుపులో త్రిప్పెడిది. కష్టపడి యింటిని నిలుపు పెద్దకోడలిపై విసుగుకొని, పండుగనాడు వచ్చి పది తియ్యని మాటలాడి పోవు చిన్నకోడలిని మెచ్చుకొను అత్తగారివలె, మా వదినెగారు మెతోట్రెక్సేటును మెల్లగా మానివేసి, ప్రెడ్నిసొలోనునే నమ్ముకొనిరి. వైద్యుని దర్శించుటయు మానిరి. పాత చీటి చూపినచో దుకాణమున మాత్రలు దొరకుచుండెను.

రెండేండ్లు గడచినవి. ముఖము గుండ్రనయ్యెను, బరువు పెరిగెను. అపార్టుమెంటులో పైయంతస్తు నుండు నొకావిడ, "నేను వాడునది డెఫ్లజాకార్ట్, వదినగారూ! కొత్త మందు. ఒళ్లు రాదు, ఎముకకు చెఱుపు లేదు" అని చెప్పెను. ఆ మాత్ర ఆఱు మిల్లీగ్రాములది. మా వదినెగారు దుకాణమునకు పోయి అడుగగా, అచ్చటివాడు "రెండును ఒకటేనమ్మా" అని యిచ్చెను. "పదినుండి ఆఱుకు దిగితిని చూచితివా అమ్మాయీ! మందు తగ్గినది, దోషమును తగ్గినది" అని యామె నాతో సంతోషముగా చెప్పినది నాకు జ్ఞాపక మున్నది. పదునైదు దినములలో మణికట్లు మరల వాచినవి. ఆ యాషాఢమున ఎల్లమ్మ కల్యాణమునకు ఇల్లు విడిచి గడప దిగలేకపోయిరి.

అప్పుడు ఊరినుండి వచ్చిన బంధువు లొకరు డెక్సామెథాసోన్ మాత్రలు తెచ్చి యిచ్చిరి. "ఇది అర మిల్లీగ్రామే, పసిబిడ్డ మందు" అనిరి. పదికిని ఆఱుకును లొంగని నొప్పి అరకు లొంగునా యని తలచి, మా వదినెగారు ఉదయము రెండు, రాత్రి రెండు చొప్పున మ్రింగసాగిరి. నొప్పి మాయమైనది! మూడు నెలలు వంటయంతయు నామెయే చేసెను. అయితే నిద్ర పోయెను. దాహము పట్టెను. చేతిచర్మము గీచినచో నీలపు మచ్చలు. రక్తము పరీక్షింపగా మధ్యాహ్నపు షుగరు మున్నూరు దాటి యున్నది. ఈ లోపల ఎవరో "స్టెరాయిడు విషము సుమా" అని భయపెట్టిరి. ఆమె అట్టె భయపడి, ఆనాటి సాయంకాలమునుండియే మాత్రలన్నియు ఒక్కమాఱుగా మానివేసెను.

నాలుగవ నాడు వాంతులు. నిలువబడిన కండ్లు తిరుగుట. అయిదవ నాడు తెల్లవాఱుజామున స్నానాలగది గుమ్మములో పడిపోయిరి. ఆసుపత్రిలో రక్తపుపోటు మిక్కిలి తక్కువగా నున్నది. "ఏమేమి మందులు వాడుచున్నారు?" అని యువతియైన డాక్టరుగారు అడుగగా, మా అన్నగారు "ఏమియు లేదమ్మా, అన్నియు మానివేసినది" అని జవాబిచ్చిరి. అది నిజమే, కాని ఆ నిజములోనే ప్రమాద మున్నది. కూతు రింటికి పరుగెత్తి, కుంకుమభరిణె వెనుక దాచియుంచిన ఖాళీ మాత్రల పట్టీలు తెచ్చి డాక్టరుగారి చేతిలో పెట్టెను. వానిని చూచినంతనే యామె నర్సును కేకవేసి హైడ్రోకార్టిసోన్ సూదిమందును, సెలైనును ఎక్కించెను. సాయంకాలమునకు మా వదినెగారు లేచి కూర్చుండి కాఫీ యడిగిరి.

ఆనాడు ఆ డాక్టరమ్మ నాకు చెప్పిన దానిని, తరువాత నేను చదివి తెలిసికొనిన దానిని ఇక వ్రాయుచున్నాను.

ఈ మాత్రలన్నియు ఒక తల్లి బిడ్డలు. ఆ తల్లి మన దేహములోనే యున్నది. మూత్రపిండములపై టోపీవలె కూర్చున్న రెండు చిన్న గ్రంథులు కార్టిసాల్ అను రసమును తయారు చేయుచుండును. అది తెల్లవారుజామున మెండుగా నూరి, రాత్రికి తగ్గును. ఉపవాసమున్నను, జ్వరము వచ్చినను, ప్రసవించినను, దెబ్బ తగిలినను దేహము నిలద్రొక్కుకొనుటకు ఈ రసమే యాధారము. బయటనుండి మాత్రరూపమున స్టెరాయిడు వారముల తరబడి వచ్చుచున్నచో, వండిన యన్నము దినదినము హోటలునుండి వచ్చు ఇంటిలో పొయ్యి ఆరిపోయినట్లు, ఈ గ్రంథులు పని మానుకొనును. ఒక్కమాఱు హోటలు మూసినచో ఆ యింటివారి గతి యేమి? మా వదినెగారికి జరిగిన దదియే. పొయ్యి మరల రాజుకొనుటకు వారములును, ఒక్కొక్కప్పుడు నెలలును పట్టును. కావుననే ఈ మందును మెట్టుమెట్టుగా దింపుదురు, ఒక్కనాట మానరు.

ఈ మందు కనుగొన్న చరిత్రలో స్త్రీల భాగము చాల గలదు. అమెరికాలో మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు 1929 మొదలు ఒక వింతను గమనించుచుండెను: కీళ్లవాతముతో మంచమెక్కినవారికి కామెర్లు వచ్చినప్పుడు కీళ్లనొప్పి తగ్గుచున్నది, గర్భవతులైన స్త్రీలకును తగ్గుచున్నది. దేహములోనే ఏదో మందు పుట్టుచున్నదని యతడు నమ్మెను. అచ్చటనే యెడ్వర్డ్ కెండాల్ అను రసాయనవేత్త ఆ గ్రంథుల రసములను వేఱుచేయుచుండెను. 1948 సెప్టెంబరులో ఇరువదితొమ్మిదేండ్ల స్త్రీకి, మంచమునుండి కదలలేనిదానికి, కార్టిసోన్ సూదిమందు వేసిరి. కొలది దినములలో నామె లేచెను. వారమునకు బజారునకు పోయి సరకులు కొనివచ్చెను. లోకము అద్భుత మనెను. 1950లో హెంచ్, కెండాల్, స్విట్జర్లండులో నిదే పని చేసిన రైక్‌స్టైన్, మువ్వురకును నోబెల్ బహుమతి వచ్చెను. మోజు దీరుటకు నాలుగేండ్లు పట్టలేదు. గుండ్రని ముఖములు, విఱుగు నెముకలు, చెదరు మనస్సులు కనబడసాగినవి. 1954లో ఇంగ్లండున కార్టిసోనును ఆస్పిరినుతో పోల్చి చూచిన పరీక్షలో ఒక యేడాది చివర రెండింటికిని పెద్ద భేదము కనబడలేదు.

ఇక్కడ నొక చిన్న సంగతి చెప్పకుండ నుండలేను. మొదట ఈ మందును పశువుల పైత్యరసమునుండి ముప్పదికి పైబడిన మెట్లలో తయారు చేయుచుండిరి. కొద్దిపాటి మందునకు ఎన్నో పశువులు కావలసెను. పిమ్మట మెక్సికో దేశపు అడవి దుంపనుండి తీసిన పదార్థమును, 1952లో ఒక బూజుచేత మార్పించు మార్గము దొరకుటతో ధర కూలిపోయెను. ఆ దుంప మనము పులుసు పెట్టుకొను పెండలము జాతిదే. అట్లని పెండలము తిన్నచో కీళ్లనొప్పి పోదు. ప్రయోగశాల చేయు పని మన కడుపు చేయజాలదు.

కార్టిసోనునకు మెఱుగు పెట్టగా 1955లో ప్రెడ్నిసొలోనును, దానికి జంటయైన ప్రెడ్నిసోనును వచ్చినవి. ఆ దశాబ్దము ముగియునంతలో మిథైల్‌ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ వచ్చినవి. డెఫ్లజాకార్ట్ ఆ తరువాతిది. ప్రెడ్నిసొలోను ఆకృతిలో కొంత మార్పు చేసి తీసినదే. అన్నియు వాపును దించును. అన్నియు ఒకే తాళమును తెఱచు చెవులు. భేదము మూడు చోట్ల నున్నది: మిల్లీగ్రామునకు బలమెంత, ఒంటిలో నిలుచు కాలమెంత, ఉప్పును నీటిని పట్టియుంచు గుణమెంత.

బలము సంగతి చూడుడు. గుంటూరు మిరపకారము చెంచాడును, కాశ్మీరు కారము చెంచాడును ఒక్కటే యని కూరలో వేయు ఇల్లాలు లేదు. కాని మాత్రల విషయమున మన మదే చేయుచున్నాము. హైడ్రోకార్టిసోన్ ఇరువది మిల్లీగ్రాములు, ప్రెడ్నిసొలోన్ అయిదు, డెఫ్లజాకార్ట్ ఆఱు, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ నాలుగు, డెక్సామెథాసోన్ ముప్పాతిక. ఇవి యన్నియు సుమారు సమానము. బీటామెథాసోన్ కూడ డెక్సామెథాసోనుకు చేరువదే. ఇప్పుడు మా వదినెగారి లెక్క వేసి చూడుడు. ప్రెడ్నిసొలోన్ పదినుండి డెఫ్లజాకార్ట్ ఆఱుకు పోవుట యనగా, ఒక్కనాట సగము మందు తగ్గించుట. నొప్పి తిరుగబెట్టుటలో వింత యేమున్నది? పిదప డెక్సామెథాసోన్ అర చొప్పున నాలుగనగా దినమునకు రెండు మిల్లీగ్రాములు. ప్రెడ్నిసొలోనులో చెప్పినచో పదమూడు దాటినది. పసిబిడ్డ మందని యెంచినది మొదటి మందును మించిపోయినది.

నిలుచు కాలము మఱియొక యెత్తు. హైడ్రోకార్టిసోన్ పనితనము సగము దినములోపలనే తీరిపోవును. ప్రెడ్నిసొలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ మధ్యరకము. ఉదయము మ్రింగినచో రాత్రికి చాలవఱకు సద్దు మణగి, మన గ్రంథులకు తెల్లవారుజామున కొంత యూపిరి తీసికొను వ్యవధి దొరకును. డెక్సామెథాసోన్ ఒకటిన్నర దినము మొదలు మూడు దినముల వఱకు పని చేయుచుండును. దానిని రాత్రికూడ మ్రింగినచో గ్రంథులకు నిద్ర మేలుకొను క్షణమే యుండదు. అందుచేతనే ఏండ్లతరబడి వాడవలసిన కీళ్లవాతమునకు వైద్యులు దానిని కోరరు. మెదడులోని వాపునకు, కొన్నిదినముల చికిత్సకు అది మేటి. 2020లో కోవిడ్ వ్యాధియందు ప్రాణవాయువు అవసరమైనవారికి దినమునకు ఆఱు మిల్లీగ్రాముల చొప్పున పది దినములు మించకుండ ఇచ్చి మరణములు తగ్గించిన మందు అదియే. బలవంతుడైన పహిల్వానును బిందె మోయుటకు పిలువరాదు గదా.

మూడవది ఉప్పు గుణము. హైడ్రోకార్టిసోన్ ఉప్పును నీటిని ఒంటిలో పట్టియుంచును. ప్రెడ్నిసొలోన్ అంతకంటె తక్కువ. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ మఱికొంత తక్కువ. డెక్సామెథాసోనునకు దాదాపు లేదు. కాళ్లవాపు, రక్తపుపోటు గలవారికి వైద్యుడు ప్రెడ్నిసొలోనును మార్చి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ వ్రాసినచో అందులో ఈ యాలోచన యుండవచ్చును. అది 'పెద్ద మందు' అని భయపడనక్కఱలేదు. నాలుగు మిల్లీగ్రాముల మాత్ర యైనచో అయిదు మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోనునకు సరిజోడు.

డెఫ్లజాకార్ట్ సంగతి కొంత విడమరచి చెప్పవలెను, ఏలయన మన యిరుగుపొరుగులలో దానికి మిక్కిలి మంచి పేరు గలదు. ఎముకకు, షుగరునకు తక్కువ చెఱుపు చేయునని కొన్ని పరిశోధనలు చూపిన మాట నిజమే. కాని పోల్చునప్పుడు రెండు మందుల బలము నిజముగా సరిసమానముగా తూచిరా యన్న సందేహము వైద్యులలో నున్నది; తక్కువ బలముతో పోల్చినచో ఏ మందైనను సాధువుగానే కనబడును. అమెరికాలో దీనికి 2017లో అనుమతి దొరకినది కీళ్లవాతమునకు గాదు, మగపిల్లలకు వచ్చు డుషేన్ అను కండరముల క్షయమునకు. ఆ బాలురలో పోల్చి చూడగా ప్రెడ్నిసోనుకంటె బరువు తక్కువ పెరిగినది. పొడుగు మాత్రము ఎక్కువ కుంగినది. ధర చూచినచో ప్రెడ్నిసొలోనే చవక. నా మట్టుకు, వైద్యుడు కారణము చెప్పి వ్రాసినచో డెఫ్లజాకార్టును వద్దనను. పైయంతస్తు వారి మాటపై మాత్రము మార్చను.

గర్భవతుల విషయమున ఈ తారతమ్యము మఱింత యాశ్చర్యకరముగా నుండును. తల్లి మ్రింగిన ప్రెడ్నిసొలోనును మావి చాలవఱకు నిర్వీర్యము చేయును. బిడ్డకు చేరునది స్వల్పము. కీళ్లవాతము గల తల్లికి గర్భకాలమున స్టెరాయిడు తప్పనిసరి యైనచో సాధారణముగా ప్రెడ్నిసొలోనునే యెన్నుకొనుట కిదియే కారణము. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ అట్లు గాదు. మావిని దాటి బిడ్డను చేరును. ఆ గుణమునే మేలునకు వాడుకొనిరి: నెలలు నిండకమునుపే ప్రసవ మగునను భయ మున్నప్పుడు, బిడ్డ యూపిరితిత్తులు త్వరగా పక్వమగుటకై తల్లికి వీని సూదిమందు ఇత్తురు. న్యూజీలండులో లిగ్గిన్స్, హౌవీ అను వైద్యులు దీనిని 1972లో లోకమునకు చాటిరి. తల్లికొఱకైన మందు వేఱు, బిడ్డకొఱకైన మందు వేఱు. తోబుట్టువులైనను వీని నడవడి యొకటి గాదు.

ఇక చెఱుపుల మాట. ఏ స్టెరాయిడైనను, ఎక్కువ మోతాదున చిరకాలము వాడినచో ఎముక గుల్లబారును, షుగరు, రక్తపుపోటు హెచ్చును, కంటిలో శుక్లము రావచ్చును, తుంటి యెముకకు రక్తము అందక చచ్చువడవచ్చును, అణగియున్న క్షయ మేల్కొనవచ్చును. నొప్పి మాత్రలతో కలిపి వాడినచో కడుపులో పుండు భయము హెచ్చును. ఉదయము మాత్ర మ్రింగువారికి షుగరు మధ్యాహ్నము తరువాత నెక్కువగును. పరగడుపున చూచుకొని బాగుగానే యున్నదని మోసపోవువారు కలరు. 2021 వేసవిలో హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ చెవి-ముక్కు-గొంతు ఆసుపత్రి నల్లఫంగసు రోగులతో నిండిపోయిన దినములు మీకు జ్ఞాపక ముండును. అదుపు లేని మధుమేహమును, అదుపు లేని స్టెరాయిడును కలియుట ఆ విపత్తునకు ముఖ్యకారణములలో నొకటి.

మూడు నెలలకు మించి స్టెరాయిడు వాడవలసివచ్చినచో ఎముక బలమును గూర్చి వైద్యుని అడుగవలెను. కాల్షియము, డి విటమిను చాలునో, వేఱే మందు కావలయునో ఆయన నిర్ణయించును. పాలు, పెరుగు, రాగిసంకటి, నువ్వులు, మునగాకు మన చేతిలోనివి. ఎముక సాంద్రత కొలుచు పరీక్షకు డెక్సా యనియే పేరు. మాత్రకును జనులు డెక్సా యనియే పేరు పెట్టిరి. ఒకటి చేసిన చెఱుపును మఱియొకటి కొలుచును! ప్రయోగశాలలో పేరు చెప్పునప్పుడు మా అన్నగారు రెండు మాఱులు తికమకపడిరి. పన్ను పీకించుకొనునపుడును, ఏ శస్త్రచికిత్సకు ముందైనను స్టెరాయిడు వాడుచున్నట్లు చెప్పి తీరవలెను. తీవ్రజ్వరము, వాంతులు వచ్చి మాత్ర నిలువనప్పుడు ఇంట కూర్చుండక ఆసుపత్రికి పోవలెను.

ఇంకొక మాట. పేరు లేని పొడులు, గోళీలు 'మూలికలే' యని చెప్పి కీళ్లనొప్పులకు అమ్ముదురు. రెండు దినములలో నొప్పి మంత్రించినట్లు పోయినచో మురియుట కాదు, అనుమానించుట మేలు. 2022లో అమెరికా ఔషధశాఖవారు 'ఆర్ట్రి కింగ్' అను మూలికల మాత్రలను పరీక్షింపగా, చీటీపై వ్రాయని డెక్సామెథాసోనును, డైక్లోఫెనాకును అందులో బయటపడినవి. అట్టిది నెలలు తిని యొక్కనాట మానినవారికి మా వదినెగారి గతియే పట్టును. వారి యింట భరిణె వెనుక వెదకుటకు పేరున్న పట్టీ కూడ నుండదు.

అయితే స్టెరాయిడును అసలే వాడరాదా? ఈ విషయమున పెద్ద వైద్యులలోనే మతభేద మున్నది. అమెరికా కీళ్లవైద్యుల సంఘమువారి 2021 సూచనలు, మెతోట్రెక్సేట్ వంటి మందు ప్రారంభించునప్పుడు వీలైనంతవఱకు స్టెరాయిడు లేకుండనే నడపుట మేలన్నవి. ఐరోపావారి 2022 సూచనలు, మొదట కొలదికాలము వాడి, వీలైనంత త్వరలో తగ్గించి మానుడన్నవి. అదే యేట వెలువడిన యొక పరిశోధనలో అఱువదియైదేండ్లు దాటినవారికి రెండేండ్లు దినమునకు అయిదు మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఇచ్చి చూచిరి. కీళ్లకు మేలు కలిగినది, ఇన్ఫెక్షనుల వంటి చిక్కులును హెచ్చినవి. చిన్న మోతాదైనను ఊరక పోదు; భయపడి విసిరివేయదగినదియు గాదు. కీళ్లు కాపాడు భారము మాత్రము వారపు మందుదే. ఆ మందును మాని స్టెరాయిడునే పట్టుకొనుట, కాపలావానిని పంపివేసి కుక్కకు తాళపుచెవి యిచ్చినట్లు.

మా వదినెగారు ఇప్పుడు వారపు మందు శనివారము రాత్రి మ్రింగుదురు. మఱునాడు ఫోలిక్ ఆమ్లము. కడుపు త్రిప్పుట మోతాదును సర్దిన పిమ్మట చాలవఱకు పోయినది. అది ముందే వైద్యునికి చెప్పియున్నచో ఇంత జరుగకపోవును. కూతురు ఒక రెండురూళ్ల నోటుపుస్తకము కుట్టి యిచ్చినది. మందు పేరు, మిల్లీగ్రాములు, మొదలుపెట్టిన తేదీ, మార్చిన తేదీ, మార్చినవారి పేరు. మధ్యాహ్నపు షుగరునకు ఒక గడి. ఆ పుస్తకము పంజాగుట్టకు పోవునపుడు ఎక్స్‌రే కవరులో పోవును, ఇంట నుండునపుడు పోపులపెట్టె ప్రక్కన నుండును. మొన్న పైయంతస్తు ఆవిడ వచ్చి, "మీ కిప్పు డేమి యిచ్చినారు వదినగారూ?" అని యడుగగా, వదినెగారు పుస్తకము చూపి, "మీదియు తెండు, ప్రక్కప్రక్కన పెట్టి చూచెదము, మాత్ర మాత్రము మార్చుకొనవద్దు" అనిరి. ఆవిడ డెఫ్లజాకార్ట్ దినమునకు పండ్రెండు మిల్లీగ్రాములు వాడుచున్నదట. చూచి వ్రాయువా రెవ్వరును లేక రెండేండ్లైనదట. వారిద్దరును వచ్చే మంగళవారము కలిసి పోవుటకు నిశ్చయించుకొనిరి.

మా వదినెగారి ప్రెడ్నిసొలోన్ అయిదునుండి రెండున్నరకు దిగి ఆఱు వారములైనది. ఫిల్టరు మూత తామే విప్పుకొనుచున్నారు. తరువాతి మెట్టు దిగుటకు ముందు, ఉదయము ఎనిమిది గంటలకు రక్తములో కార్టిసాల్ పరీక్షింపవలెనని డాక్టరుగారు పుస్తకములో వ్రాసి పెట్టిరి.